మెట్లవాడు, పడవవాడు, మూడో రౌండు

ఎవరు గెలుస్తారు?

బాక్సింగ్ శిక్షకుడిగా పనిచేసినన్నాళ్ళూ నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఇదొక్కటే. కుర్రాళ్ళ తల్లిదండ్రులు అడిగేవారు, టీ అంగడివాళ్ళు అడిగేవారు, పై అధికారులూ అడిగేవారు. చిత్తూరులో ఒక క్రీడాధికారి ఉండేవాడు. ఆయన అడగడానికి వేరే కారణం ఉండేది. డ్రాయింగు మాస్టరు చేతిరాత బాగుంటుంది, ఆయనేమో సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాడు. కాబట్టి ఫైనల్ జరగకముందే ప్రశంసాపత్రం మీద గెలిచేవాడి పేరు రాయించేయాలి. "నీకు తెలిసే ఉంటుంది గదప్పా, చెప్పు" అనేవాడు. ఒకసారి విసుగెత్తి చెప్పేశాను. ఆ పేరు గలవాడు రెండో రౌండులోనే పడిపోయాడు. పేరు గీకి మళ్ళీ రాశారు. గీకినచోట కాగితం పల్చబడి అవతలి వెలుతురు కనిపించేది. గెలిచినవాడు దాన్ని అలాగే ఫ్రేము కట్టించుకున్నాడు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఏదైనా రాయమని నన్ను అడిగినవాళ్ళు మునిరత్నం శిష్యులు ఇద్దరు. పోయిన నెల రేణిగుంటలో మునిరత్నం కర్మాంతరం నాడు అడిగారు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో మునిరత్నం మొదటివాడు కాడు, అందరికంటే గొప్పవాడూ కాడు. కాని బాక్సింగ్ గురించి నాకు తెలిసిందంతా అతను ఆడిన ఒకే ఒక బౌట్ చుట్టూ తిరుగుతుంది. దాన్ని ముప్పై ఏళ్ళు పాఠంగా చెప్పాను. అదే బౌట్ గురించి నాకు తెలియని సంగతి ఒకటి కర్మాంతరం నాడు తెలిసింది. అందుకని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. గుద్దడం నేర్పడం ఈ ఉద్యోగంలో చిన్న భాగం. ఓపిక ఉన్నవాడు ఎవరైనా నేర్పగలడు. వేర్వేరు పద్ధతుల్లో ఆడే ఇద్దరు ఎదురుపడితే ఏం జరగవచ్చో ముందుగా ఊహించడం అసలు పని. ఎవరు గెలుస్తారన్నది అందులో చివరి ప్రశ్న. ఎవడు ఎక్కడ నిలబడతాడు, ఎవడు ఎవణ్ణి తనకు ఇష్టంలేని చోటికి తీసుకుపోతాడు, ఎవడి ఊపిరి ముందు పోతుంది అన్నవి ముందు ప్రశ్నలు. ఇవి సరదా కోసం కాదు. ఆ ఇద్దరిలో ఒకడు మనవాడు. తెల్లారితే వాడు పనికి పోవాలి.

ఎదుటివాడి నోటితో

నేను బాక్సింగ్ మొదట పుస్తకాల్లో నేర్చుకున్నాను. తిరుపతిలో వ్యాయామోపాధ్యాయుడిగా చేరిన కొత్తలో, డెబ్భైల మొదట్లో, గ్రంథాలయంలో దొరికిన రెండు పుస్తకాలు చదివి, బొమ్మల్లో ఉన్నట్టు నిలబడి సాధన చేసేవాణ్ణి. సుబేదార్ చెంగల్రాయులు నన్ను చూసింది అప్పుడే. ఆయన సైన్యంలో పన్నెండేళ్ళో పద్నాలుగేళ్ళో బాక్సింగ్ చేసి, ముక్కు ఒక పక్కకు వంగిపోయి, చిత్తూరు పక్కన సొంత ఊరికి వచ్చిన మనిషి. జిల్లాలో బాక్సింగ్ నేర్పే బాధ్యత ఆయనది. కొంతసేపు నిలబడి చూసి, "బొమ్మ బాగుండాదప్పా. బొమ్మను ఎవుడూ తిరిగి కొట్టడు గదా" అన్నాడు. మరుసటి రోజు నుంచి ఆయన దగ్గర సహాయకుడిగా చేరాను.

మొదటి సంవత్సరం నా ఊహలన్నీ కొలతల మీద నడిచేవి. ఎవడు పొడుగు, ఎవడి చేయి పొడవు, ఎవడు వేగం. ఒక పోటీలో పొడుగాటి కాలేజీ విద్యార్థి ఒకడు, పొట్టి కానిస్టేబుల్ ఒకడు ఎదురుపడ్డారు. పొడుగువాడు ఎడమచేత్తో దూరం నుంచే పొడుస్తూ ఉంటే పొట్టివాడు దగ్గరికే రాలేడని చెప్పాను. సుబేదార్ నన్ను అడిగాడు: "ఆ పొడుగోడు దెబ్బ తగిలిన ప్రతిసారీ ఏం చేస్తా ఉండాడో సూసినావా?" చూడలేదు. రెండో రౌండులో చూశాను. ముఖానికి చిన్న దెబ్బ తగిలినా చాలు, గ్లవ్‌తో ముక్కు తుడుచుకుంటున్నాడు. తుడుచుకునేటప్పుడు కడుపు మొత్తం తెరిచి ఉంటోంది. పొట్టివాడు ఒక చిన్న దెబ్బ వేయడం, తుడుచుకునేదాకా ఆగడం, కడుపులో కొట్టడం. అంతే. వాడికి దగ్గరికి రావడానికి దారి ఆ పొడుగువాడే తెరిచి ఇచ్చాడు.

పద్ధతి అంటే చేతులు ఎలా ఆడతాయన్నది కాదని, మనిషి ఇబ్బందిలో ఏం చేస్తాడన్నదని ఆ రోజు తెలిసింది. అది పుస్తకాల్లో లేదని అనను. ఉంది. నేను ఆ పేజీ చదివి కూడా దాటిపోయాను.

సుబేదార్‌కు ఒక అలవాటు ఉండేది. పోటీ ముందురోజు సాయంత్రం తన బాక్సర్‌ను కూర్చోబెట్టి రేపటి బౌట్ మొత్తం చెప్పించేవాడు. ఎదుటివాడి నోటితో చెప్పాలి. "నేను" అంటే ఎదుటివాడు. "వాడు" అంటే తను. ప్రత్యర్థి పేరు పెట్టుకుని, మొదటి గంట కొట్టినప్పటి నుంచి చివరిదాకా చెప్పాలి. కొత్తవాళ్ళు సిగ్గుపడి నవ్వేవాళ్ళు. ఒకడు, "నేను వాణ్ణి చూసి భయపడి పారిపోతా" అన్నాడు. సుబేదార్ వాణ్ణి లేపి, "పారిపో మరి, సూస్తాను" అని మైదానం చుట్టూ పరిగెత్తించాడు. తిరిగొచ్చాక వాడు బుద్ధిగా చెప్పాడు. తన తప్పులు తనకు కనిపించని కుర్రవాడికి కూడా ఎదుటివాడి నోటితో మాట్లాడేసరికి కనిపించేవి. మీరు ఏది మరిచినా ఈ అలవాటు మరవకండి.

సోడా పెట్టెలు మోసే మనిషి

మునిరత్నం అలిపిరి మెట్ల మీద బరువులు మోసేవాడు. దారిలో గాలిగోపురం దాకా ఉన్న అంగళ్ళకు సోడా పెట్టెలు, చక్కెర మూటలు, కిరసనాయిలు డబ్బాలు కింది నుంచి భుజాన వేసుకుని ఎక్కించేవాడు. తల్లి తిరుచానూరులో అమ్మవారి గుడి ముందు పూలు అమ్మేది. నాయన చిన్నప్పుడే పోయాడు. మా దగ్గరికి వచ్చేనాటికి అతనికి ఇరవై దాటాయి. బాక్సింగ్‌కు అది ఆలస్యమే. కాని ఆ కాళ్ళు, ఆ ఊపిరి నేను మరొకరిలో చూడలేదు.

అతని పద్ధతిని మార్చడానికి నేనేమీ చేయలేదు. గంట కొట్టగానే ముందుకు వెళ్ళేవాడు. దెబ్బ తగిలినా ముందుకే. ఎదుటివాడి ఊపిరి అయిపోయేదాకా మీద పడి కొట్టేవాడు. తిరుపతిలో శిక్షకులందరికీ ఒక గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది: మాకు కొండ ఉంది, మెట్లు ఉన్నాయి, మా కుర్రవాళ్ళంత దమ్ము ఏ జిల్లావాళ్ళకూ ఉండదని. అందరి చేతా మెట్లే ఎక్కించేవాళ్ళం. మెట్లు ముందుకు, పైకి వెళ్ళడం నేర్పుతాయి. పక్కకు జరగడం, వెనక్కి అడుగు వేయడం నేర్పవు. ఇంకొకటి, ఆ మెట్లు రాయి. ఎంత గట్టిగా తొక్కినా కదలవు. ఈ రెండో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నేను చెప్పబోయే బౌట్ నాటికి మునిరత్నం మోకాళ్ళు పాడవుతున్నాయి. డాక్టరు చూసి ఎక్కడం పరవాలేదు, బరువు దించి కిందికి దిగేటప్పుడే అరుగుతున్నాయి, దిగడం మానుకొమ్మన్నాడట. "ఎక్కినోడు దిగకుండా యాడ ఉండేది సార్? స్వామి దగ్గరే ఉండిపోవల్ల" అని నవ్వుతూ చెప్పాడు. నవ్వే విషయం కాదని ఇద్దరికీ తెలుసు. ఇంకో రెండేళ్ళు మోస్తే నడవడమే కష్టం. మోయకపోతే ఇల్లు గడవదు.

ఆ ఏడాది రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో కొన్ని ఉద్యోగాలు పడ్డాయి. చిత్తూరులో జరిగే అంతర్ జిల్లా పోటీల ఫైనల్స్ చూడడానికి ఒక అధికారి వస్తున్నాడని, గెలిచినవాళ్ళనే పిలుస్తారని కబురు వచ్చింది. వచ్చే ఏడాదికి మునిరత్నం వయసు దాటిపోతుంది. ఓడినవాడికి ఇంకో అవకాశం లేదు. ఇది అతనికి తెలుసు, సుబేదార్‌కు తెలుసు, నాకు తెలుసు. శిక్షణలో మాత్రం ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

కదలకుండా కొట్టేవాడు

ఫైనల్‌లో ఎదురైనవాడు ఏకాంబరం. పులికాట్ ఒడ్డున, తడ దగ్గరి పల్లె. సరస్సులో చిన్న పడవ మీద నిలబడి గెడ వేసి తోసుకుంటూ రొయ్యలు పట్టే కుటుంబం. చేపలు అమ్మడానికి మద్రాసు పోయి, అక్కడ రేవు పక్క వీధుల్లో బాక్సింగ్ నేర్చుకున్నాడు. సెమీఫైనల్‌లో అతన్ని చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. బౌట్ మొత్తం మీద పాదాలు పెద్దగా కదపలేదు. మోకాళ్ళు కొద్దిగా వదులుగా ఉంచి, నడుము నుంచి పైభాగం మాత్రం అటూ ఇటూ ఊపుతున్నాడు. ప్రత్యర్థి దెబ్బలు చెవుల పక్క నుంచి పోతున్నాయి. పోయిన ప్రతి దెబ్బకూ బదులు ఒక్కటి, తక్కువ దూరం నుంచి, సూటిగా. తనంతట తాను వెళ్ళడు. వచ్చినవాణ్ణి కొడతాడు.

మీదపడే మనిషికి, కాచుకునే మనిషికి మధ్య బౌట్ ఎలా నడుస్తుందో అప్పటికి నాకు ఒక లెక్క ఉండేది. మొదటి రౌండు కాచుకునేవాడిది. రెండో రౌండులో మీదపడేవాడు కడుపు మీద కొడుతూ పోతాడు. మూడో రౌండులో కాచుకునేవాడి చేతులు బరువెక్కి కిందికి దిగుతాయి, అప్పుడు మీదపడేవాడిది. చాలా బౌట్లలో ఇది నిజమే అవుతుంది. మునిరత్నం దమ్ము తెలుసు గనుక నేను ధైర్యంగానే ఉన్నాను.

ముందురోజు సాయంత్రం చిత్తూరులో మాకు బస ఇచ్చిన బడి వరండాలో సుబేదార్ మునిరత్నాన్ని కూర్చోబెట్టాడు. టీ తాగడం అయ్యాక చెప్పమన్నాడు.

"నేను ఏకాంబరాన్ని" అని మొదలుపెట్టాడు మునిరత్నం. "వాడొస్తాడు. నేను పోను. వాడే వస్తాడు గదా, నేనెందుకు పోవల్ల? వాడొచ్చేది ఒకే దోవ, మెట్లెక్కే మాదిరి. తల ముందు, ఒళ్ళు యెనక. తల అందినాక ఒకటిస్తా. మళ్ళా వస్తాడు. మళ్ళా ఇస్తా."

"అప్పుడు వాడేం చేస్తాడు?" అన్నాడు సుబేదార్.

"మళ్ళా వస్తాడు. వాడికి వేరే పని తెల్దు."

అందరం నవ్వాం, మునిరత్నం కూడా. ఏకాంబరం నోటితోనే, రెండో రౌండులో వాడు తన కడుపు మీద కొడతాడని, తను చేతులు కొద్దిగా దించుతానని చెప్పాడు. నా లెక్కకు సరిపోయింది. మూడో రౌండు చెప్పమంటే ఆగిపోయాడు. కళ్ళు మూసుకుని చూశాడు. గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"మూడో రౌండు కనపడలా" అన్నాడు.

నేను ఉండబట్టలేక అందుకున్నాను. చేతులు దిగాక ఏమవుతుందో, దవడ ఎలా దొరుకుతుందో చెప్పబోయాను. సుబేదార్ చేత్తో ఆపాడు. "కనపడకుంటే కనపడలేదనే చెప్పనీ అప్పా. లేనిది సూపించొద్దు" అన్నాడు.

పలకల మీద

మన జిల్లాల్లో అప్పట్లో రింగ్ అంటే నేల మీద పరిచిన పట్టాలు, చుట్టూ నాలుగు గుంజలు, తాళ్ళు. ముందు బౌట్లన్నీ అలాగే జరిగాయి. ఫైనల్స్‌కు పెద్దలు వస్తున్నారని, వెనకవాళ్ళకు కూడా కనపడాలని, ఆ పొద్దున నిర్వాహకులు రింగ్‌ను ఎత్తు చేశారు. తారు డ్రమ్ములు నిలబెట్టి, వాటి మీద నాటకాల స్టేజీ పలకలు పరిచి, పైన పట్టాలు వేశారు. చూడడానికి బాగానే ఉంది. నేను చేత్తో తట్టి చూశాను. పైకి ఎక్కి నడిచి చూడలేదు.

గంట కొట్టారు. మునిరత్నం తన అలవాటు ప్రకారం గట్టిగా అడుగు వేసి ముందుకు పోయాడు. కాలి కింద పలక కుంగి మళ్ళీ లేచింది. ఆ లేవడంతో అతని మొదటి దెబ్బ ఏకాంబరం తల మీదుగా పోయింది. రెండోదీ అంతే. రాతి మెట్ల మీద పెరిగిన కాళ్ళకు ఆ నేల అర్థం కాలేదు. ఏకాంబరం మాత్రం ఇంట్లో ఉన్నట్టు ఉన్నాడు. పలక కుంగితే అతని మోకాలు కుంగుతోంది, లేస్తే లేస్తోంది. తల మాత్రం ఉన్నచోటే ఉంటోంది. మేం అతని కోసం ఒక పడవ కట్టిపెట్టాం.

నేను ఇద్దరు మనుషుల పాదాలూ చూశాను. ఆ పాదాల కింద ఏముందో చూడలేదు. మెట్లు చూసుకుని గర్వపడే ఊరివాడు తప్ప వేరేవాడు ఈ తప్పు చేయడు.

మొదటి రౌండు చేజారింది. కార్నర్‌కు వచ్చి స్టూలు మీద కూర్చుని, "నేల ఆడతా ఉండాది సార్" అన్నాడు. నేల సంగతి వదిలేసి మనిషిని చూడమన్నాను. పాదం ఎత్తకుండా జరుపుతూ పొమ్మన్నాను. రెండో రౌండులో అలాగే చేశాడు. కొంచెం మెరుగైంది. కడుపు మీద నాలుగు మంచి దెబ్బలు పడ్డాయి. కాని ఎడమ కన్ను కింద వాచింది. రౌండు చివర్లో అతను తిరిగి వచ్చేటప్పుడు మోకాలు సరిగా వంగకపోవడం నేను గమనించాను. ఆ విరామంలో సుబేదార్ వంగి రింగ్ కిందికి చూసి, లేచి, "నడుమ డ్రమ్ములు లేవప్పా. మూలల్లోనే ఉండాయి" అన్నాడు. మునిరత్నం విన్నాడో లేదో తెలియదు. నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు. ముందు వరసలో రైల్వే అధికారి పక్కవాడితో ఏదో మాట్లాడుతున్నాడు. నేను తువ్వాలు భుజం మీది నుంచి తీసి చేతిలో పట్టుకున్నాను. కన్ను ఇంకొంచెం మూసుకుపోతే ఓటమి ఒప్పుకుని దాన్ని లోపలికి విసిరేయాలనే అనుకున్నాను. ఉద్యోగం పోయినా కన్ను ఉంటుంది.

మూడో రౌండు మొదలైన కాసేపటికి మునిరత్నం నేనెన్నడూ చూడని పని చేశాడు. వెనక్కి నడిచాడు. అడుగు అడుగూ వెనక్కి వేస్తూ మా కార్నర్‌కే వచ్చి, గుంజకు వీపు ఆనించి, చేతులు ముఖం ముందు పెట్టుకుని నిలబడిపోయాడు. మూలకు చిక్కినవాడి గతి ఏమిటో నాకు తెలుసు. బయటికి రమ్మని అరిచాను. రాలేదు. ఏకాంబరం రింగ్ నడుమ ఒక క్షణం అలాగే ఉండి చూశాడు. తర్వాత ఆ బౌట్‌లో మొదటిసారి అతను తనంతట తాను నడిచి వచ్చాడు.

మూలలో పలక కింద డ్రమ్ము ఉంది. అక్కడ నేల కదలదు. ఏకాంబరం దగ్గరికి వచ్చి వంగి చూసేసరికి మునిరత్నం ఎడమచేయి కడుపులో పడింది. వెంటనే కుడిచేయి దవడ మీద. రెండూ చిన్న దెబ్బలే, కాని గట్టి నేల మీద నిలబడి కొట్టినవి. ఏకాంబరం మోకాలు నేలకు తగిలింది. రిఫరీ లెక్కపెట్టాడు. లేచాడు, చివరిదాకా ఆడాడు. ముగ్గురు జడ్జీలలో ఇద్దరు మునిరత్నానికి ఇచ్చారు.

అతనికి ఉద్యోగం వచ్చింది. తర్వాత మెట్లు ఎక్కాడంటే దర్శనానికే.

నేను చెప్పిన పాఠం

తిరుపతి తిరిగి వచ్చేలోపు బస్సులోనే ఆ బౌట్ నాకు పూర్తిగా అర్థమైపోయింది. నడుమ నేల పడవవాడిది. మూల నేల రాయి, అంటే మెట్లవాడిది. మునిరత్నం సుబేదార్ మాట విన్నాడు, ఎదుటివాణ్ణి పడవలోంచి దించి తన మెట్టు మీదికి తెచ్చుకున్నాడు. దీనికి 'మునిరత్నం మూల' అని పేరు పెట్టి ఎనభైల నుంచి జరిగిన ప్రతి శిబిరంలోనూ చెప్పాను. వేర్వేరు పద్ధతులు తలపడినప్పుడు ఎవడి పద్ధతి మంచిదన్నది కాదు, బౌట్ ఎవడి నేల మీద జరుగుతుందన్నది చూడండని చెప్పేవాణ్ణి. ఆ పాఠం పనికొచ్చింది కూడా. దాన్ని నేర్చుకుని గెలిచినవాళ్ళు ఉన్నారు.

సుబేదార్ ఆ పాఠాన్ని ఒక్కసారి విన్నాడు. "బాగుండాదప్పా" అన్నాడు. నేను పుస్తకంలో బొమ్మలా నిలబడడం చూసినప్పుడు కూడా అదే మాట అన్నాడని ఆయన పోయాక గుర్తొచ్చింది.

రేణిగుంటలో స్థిరపడ్డాక మునిరత్నం సెలవు రోజుల్లో శిబిరాలకు వచ్చి నాకు సాయం చేసేవాడు. నేను ఆ పాఠం చెబుతుంటే మూల దగ్గర నిలబడి చూపించేవాడు. ఒకసారి ఒక విద్యార్థి, "అన్నా, ఆ టయానికి నీకట్ల ఎట్ల తోచింది?" అని అడిగాడు. మునిరత్నం నా వైపు చూసి, "సారును అడుగప్పా. సారు బాగా చెప్తాడు" అన్నాడు.

నేను చెప్పాను.

కుళాయి దగ్గరి మాట

కర్మాంతరం నాడు మునిరత్నం ఇంటి ముందు షామియానా వేశారు. నేల ఎగుడుదిగుడుగా ఉంది, మనుషులు నిలబడలేక కాళ్ళు మార్చుకుంటున్నారు. ఒక ముసలాయన మాత్రం మోకాళ్ళు కొద్దిగా వదులుగా పెట్టి, కదలకుండా నిలబడి ఉన్నాడు. ముఖం చూడకముందే గుర్తుపట్టాను.

మునిరత్నం భార్య రాజమ్మ బయటికి వచ్చి ఆయనతో, "రా అన్నా, కూచో. పొద్దన్నుంచి ఏమన్నా తిన్నావా?" అంది. బాగా తెలిసిన మనిషిని అడిగినట్టు అడిగింది. ఏటా ఒకసారి మునిరత్నం తడ పోయి వాళ్ళింట్లో ఉండి వచ్చేవాడని, ఆయనా ఇక్కడికి వచ్చేవాడని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళలో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

మునిరత్నం శిష్యులిద్దరూ మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఆ బౌట్ ఆడిన మనిషి ఈయనేనని చెప్పాను. సహజంగానే పాఠం కూడా చెప్పాను. నేల, పడవ, మెట్లు, మూల. ఏకాంబరం చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"అట్లని వాడు చెప్పినాడా?" అన్నాడు.

"వాడు చెప్పలేదు. నేను చెప్పాను."

"ఓ" అన్నాడు. తర్వాత నిదానంగా చెప్పుకొచ్చాడు. బౌట్ అయ్యాక ఇద్దరూ బడి వెనక కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నారట. మునిరత్నం గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడట. మూలకు ఎందుకు పోయినావని ఈయనే అడిగాడట.

"వాడేమన్నాడంటే సార్, 'మోకాళ్ళు పట్టేసినాయన్నా. నడుమనే కూలబడితే పరువు పోతాది, గుంజకైనా ఆనుకుందామని పోయినా. నువ్వు రాకుంటే నేనే కూకుండిపోదును' అన్నాడు. అంతే సార్. నేల గట్టిదో మెత్తందో వాడికీ తెల్దు, నాకూ తెల్దు."

నేను అడిగాను. అప్పుడు అడగవలసింది ఇదే, ఎవరినీ అడగలేదు. "మరి నువ్వెందుకు పోయినావు? అప్పటిదాకా ఒక్క అడుగు వేయలేదే. ఉన్నచోటే ఉండుంటే బౌట్ నీదే."

"నాదే" అన్నాడు ఏకాంబరం. ఆ మాటలో బాధ లేదు. "కాని సూడండి సార్, అంతసేపూ వచ్చినోడు. కొడితే వచ్చినాడు, కొట్టకున్నా వచ్చినాడు. అట్లాంటోడు ఆగిపోయినాడు. ఏమాయెనో సూద్దామని పోయినా."

శిష్యులలో ఒకడు నవ్వాడు. ఏకాంబరం కూడా నవ్వాడు. "దగ్గరికి పోతే కొట్టినాడు గదా" అని దవడ తడుముకున్నాడు.

నాకు కోపం రాలేదు, సిగ్గు కూడా వేయలేదు. ఆ మూల దగ్గర నిలబడి శిబిరాల్లో నా పాఠాన్ని చూపిస్తున్న మునిరత్నం ముఖాన్ని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అతనేం అనుకుని ఉంటాడో ఊహించడానికి చూశాను. ఊహ అందలేదు.

శిష్యుడు అడిగాడు, ఇకమీదట మునిరత్నం మూల నేర్పాలా వద్దా అని. నేర్పమన్నాను. ఆ మూలలో డ్రమ్ము ఉన్న మాట నిజం. అక్కడ కొట్టిన దెబ్బకు బలం ఎక్కువన్న మాటా నిజం. కాని దాన్ని ఎత్తుగడ అని చెప్పకండి. ఒక మనిషి కాళ్ళు ఆగిపోయి అక్కడికి వెళ్ళాడని, ఇంకొక మనిషి చూడడానికి వచ్చాడని చెప్పండి. నేలను చూడండి, పాదాలు చూడండి, ఇబ్బందిలో ముక్కు తుడుచుకునేవాణ్ణి చూడండి. ఇవన్నీ చూస్తే రెండు రౌండ్లు చెప్పగలుగుతారు. మూడోది కనపడకపోతే కనపడలేదని చెప్పండి. బౌట్ అయిపోయాక, ఆడినవాళ్ళు ఉండగానే వాళ్ళను అడగండి.

భోజనాలకు ఇంకా సమయం ఉంది. ఏకాంబరం నా వైపు తిరిగి, "సుబేదారు మాదిరి ఒకసారి చెప్పుకుందామా సార్?" అన్నాడు. ఆ అలవాటు మునిరత్నం అతనికి కూడా చెప్పి ఉంచాడు. ఎదుటివాడి నోటితోనే చెప్పాలి గనుక అతను మునిరత్నం అయ్యాడు. నేను ఏకాంబరం అయ్యాను. రాజమ్మ గడప దగ్గర కూర్చుని వింటోంది.

మొదటి రౌండు చెప్పుకున్నాం. రెండో రౌండు చెప్పుకున్నాం. మూడో రౌండు వచ్చింది.

"నేను మునిరత్నాన్ని" అన్నాడు ఏకాంబరం. "ముందుకు పోవల్లనే ఉండాది. కాళ్ళు రాలా. గుంజ యాడుండాదో సూసుకున్నా. యెనక్కి పోయి ఆనుకున్నా. చేతులు పెట్టుకున్నా. ఇంక ఆగిపోయినా."

అతను ఆగాడు. శిష్యులు నా వైపు చూశారు. రాజమ్మ కూడా చూసింది.

"నేను ఏకాంబరాన్ని" అన్నాను. "ఇంతసేపూ వచ్చినోడు ఆగిపోయినాడు. ఏమాయెనో సూద్దామని వస్తా ఉండాను."